సెకండ్ డివిజన్ వాడు వరల్డ్ చాంపియన్ అయిన ఏడాది

పోయిన వేసవిలో ఒక శుక్రవారం సాయంత్రం మా ఫ్రెండ్ ఒకతన్ని స్పీడ్‌వే అనే బైకు రేసులు చూపిద్దామని గ్లాస్గోలో పాసిల్‌పార్క్ దగ్గరున్న ఆష్‌ఫీల్డ్ స్టేడియంకి తీసుకెళ్లా. గుంటూరు వాడు, ఇక్కడికొచ్చి రెండేళ్లే అయింది, క్రికెట్ తప్ప ఇంకో ఆట చూసే అలవాటు లేదు. ట్రాక్ మలుపు తిరిగే బెండ్ దగ్గర కంచెకి ఆనుకుని నిలబడ్డాం. మొదటి హీట్, అంటే మొదటి రేసు, మొదలై నాలుగు బైకులు ఒక్కసారిగా మా వైపు తిరిగేసరికి మట్టి చినుకుల్లా లేచొచ్చి జుట్టులో, కాలర్‌లో, వాడి చేతిలో ఉన్న టీ కప్పులో పడింది. వెనకే పొగ. వాడు ముక్కు ఎగబీల్చి "అన్నా, ఇది ఆముదం వాసన కదా" అన్నాడు. ఆముదమే. ఈ ఇంజిన్లు మెథనాల్ మీద నడుస్తాయి, మామూలు ఆయిల్ కన్నా ఆముదంతో చేసిన ఆయిల్ దానికి బాగా కుదురుతుందని దశాబ్దాలుగా అదే పోస్తున్నారు. నాకైతే ఆ వాసన తగిలితే చాలు, శుక్రవారం వచ్చేసినట్టే.

నాలుగో హీట్ అయ్యాక వాడు అడిగాడు. "అన్నా, ఇది వీళ్ల టాప్ లీగేనా?"

"కాదురా, దాని కిందది."

"అదేంటి, సెకండ్ డివిజన్ ఆట కోసమా ఇంత దూరం వచ్చింది?"

ఆ మోతలో ఏం చెప్తాం, ఊరుకున్నా. కానీ ఆ ప్రశ్న నాకు అప్పట్నుంచీ లోపల నలుగుతూనే ఉంది, అందుకే ఇక్కడ కూర్చుని తాపీగా జవాబు రాస్తున్నా. వాడి తప్పేం లేదు. మన ఇళ్లలో సెకండ్ డివిజన్ అంటే అర్థం ఒక్కటే, డిగ్రీ సెకండ్ డివిజన్‌లో పాసయ్యాడు అంటే పెళ్లి సంబంధం దగ్గర గొంతు తగ్గించి చెప్పే విషయం. ఆ మాట చెవిన పడగానే మన మనసు ఆటోమేటిక్‌గా మార్కుల లిస్టు తెరుస్తుంది. నేను చెప్పేదల్లా, స్పీడ్‌వేలో ఆ లెక్క పనికిరాదని, దానికి 1951 సీజన్‌ని మించిన సాక్ష్యం లేదని.

ముందు ఆట సంగతి. స్పీడ్‌వే బైకుకి బ్రేకులుండవు, గేరు ఒక్కటే, ఇంజిన్ 500 సీసీ. అప్పట్లో దాదాపు అందరూ వాడింది జాప్ ఇంజినే, లండన్‌లో టాటెన్‌హామ్ దగ్గర తయారయ్యేది. కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాకు, నాలుగు చుట్లు, నలుగురు మనుషులు, నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది. ఎడమ బూటు కింద ఇనప తొడుగు వేసుకుంటారు, మలుపులో ఆ కాలు నేలకి రాపాడిస్తూ వెనక చక్రాన్ని జారనిస్తారు, బండి ఎడమకి తిరుగుతుంటే ముందు చక్రం కుడివైపు చూస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకి వీడు పడిపోతున్నాడనే అనిపిస్తుంది. పడిపోవడం లేదు, అదే తిరగడం. ప్రతి హీట్‌లో ఒక్కో టీమ్ నుంచి ఇద్దరు, ఫస్ట్ వచ్చినవాడికి 3, తర్వాత 2, తర్వాత 1, ఆఖరివాడికి సున్నా. ఆ రోజుల్లో మ్యాచ్‌కి 14 హీట్లు, రెండు టీములకీ కలిపి మొత్తం 84 పాయింట్లు. ఈ 84ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

బ్రిటన్‌లో ఇది 1928 ఫిబ్రవరిలో లండన్ శివార్లలో హై బీచ్ అనేచోట జనంలోకి వచ్చింది, యుద్ధం వల్ల ఆగింది, 1946లో మళ్లీ మొదలైంది. అప్పుడే పైన నేషనల్ లీగ్, కింద నార్తరన్ లీగ్ అని రెండు అంతస్తులు కట్టారు. 1947కి కింది అంతస్తు పేరు డివిజన్ టూ అయింది, దాని కింద డివిజన్ త్రీ కూడా వచ్చింది. రెండో అంతస్తుని మొదటి రెండేళ్లూ మిడిల్స్‌బరో గెలిచింది. 1948లో బ్రిస్టల్ గెలిచింది, కానీ 1949లో ఫస్ట్ డివిజన్‌లోకి వెళ్లింది మాత్రం బర్మింగ్‌హామ్. గెలిచిన బ్రిస్టల్ కిందే ఉండిపోయి, ఇంకోసారి గెలిచి, అప్పుడు గానీ 1950లో పైకి పోలేదు. అంటే పైకెళ్లడం కిందికి రావడం అనేది మనం ఫుట్‌బాల్‌లో చూసినట్టు టేబుల్ చూసి జరిగే పని కాదు ఇక్కడ, ఏ ఊరికి ఎంత జనం వస్తారు, ఏ ఊరు ఎంత పెద్దది, ఎవరి దగ్గర ఎంత డబ్బుంది అనేవి కూడా అందులో కలిసి ఉంటాయి. నా వాదనకి ఇదే పునాది రాయి. డివిజన్ అనే గీత మనిషి రైడింగ్‌ని చూసి గీసింది కాదు.

నమ్మకం లేకపోతే 1951 మ్యాప్ చూడండి. ఫస్ట్ డివిజన్‌లో తొమ్మిది టీములు, అందులో అయిదు లండన్‌వే, వెంబ్లీ, హారింగే, వింబుల్డన్, న్యూ క్రాస్, వెస్ట్ హామ్. మిగతావి మాంచెస్టర్ బెల్ వ్యూ, బ్రాడ్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్. స్కాట్లాండ్ నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. సెకండ్ డివిజన్‌లో ఒక్క స్కాట్లాండ్‌వే నాలుగు, ఎడిన్‌బరో మోనార్క్స్, గ్లాస్గో వైట్ సిటీలో టైగర్స్, ఇదే ఆష్‌ఫీల్డ్‌లో జెయింట్స్, మదర్‌వెల్‌లో లానార్క్‌షైర్ ఈగల్స్. ఇంకా నార్విచ్, యార్మత్, లెస్టర్, కవెంట్రీ, హాలిఫాక్స్, స్టోక్, క్రాడ్లీ హీత్. బొగ్గు గనుల ఊళ్లు, బట్టల మిల్లుల ఊళ్లు, కుండల ఊళ్లు, చేపల రేవులు. నిజంగా దేశమంతా ఉన్నది కింది డివిజన్‌లోనే. స్కాట్లాండ్‌లో ఇంకో సౌకర్యం, మంగళవారం ఆష్‌ఫీల్డ్, బుధవారం వైట్ సిటీ, శుక్రవారం మదర్‌వెల్, శనివారం ఎడిన్‌బరో, ఓపికుంటే వారంలో నాలుగు రాత్రులు నాలుగు ట్రాకులు తిరగొచ్చు. యుద్ధం ముగిసి ఆరేళ్లయినా మాంసం ఇంకా రేషన్ మీదే ఇస్తున్న రోజులవి, పిల్లలకి చాక్లెట్లు కూడా కూపన్ మీదే. ఆ రోజుల్లో పనికెళ్లొచ్చిన కుటుంబం కుటుంబమంతా, ఆడవాళ్లు పిల్లలతో సహా, లైట్ల కింద ఆ రంగు రంగుల జాకెట్లు చూడ్డానికి వెళ్లేదంటే దాన్ని రెండో రకం వినోదం అని నేనెలా అంటాను.

ఆ ఏడాది డివిజన్ టూ గెలిచింది నార్విచ్ స్టార్స్, అంతకుముందు ఏడు కూడా వాళ్లే. ఇంగ్లండ్ తూర్పు కొసన ఉన్న ఊరు, చుట్టూ పొలాలు. అప్పట్లో వాళ్ల ఫుట్‌బాల్ టీమ్ థర్డ్ డివిజన్‌లో ఆడేది, కాబట్టి ఊరికి గర్వంగా చెప్పుకోడానికి ఉన్నది హోల్ట్ రోడ్ పక్కన ఫర్స్ స్టేడియం. బాబ్ లెవరెంజ్ అని ఆస్ట్రేలియా వాడు, ఫిల్ క్లార్క్, ప్యాడీ మిల్స్, ఇలాంటి పేర్లు. స్పీడ్‌వే పిచ్చి ఉన్నవాళ్లకి తప్ప ఇవాళ ఎవరికీ తెలియని పేర్లు, కానీ వరసగా రెండేళ్లు టైటిల్ వాళ్ల చేతుల్లోంచి జారలేదు.

ఇక్కడే 84 లెక్క. టీమ్‌లో మొనగాడికి మామూలుగా మ్యాచ్‌లో నాలుగు హీట్లు దక్కుతాయి. నాలుగూ గెలిచినా 12 పాయింట్లు. 84లో 12 అంటే ఏడో వంతు. గెలవాలంటే సగం దాటి 43 కావాలి, మిగిలిన 31 పాయింట్లూ టీమ్‌లో మిగతావాళ్లే తేవాలి, అంటే మూడో స్థానానికి కొట్టుకుని ఒక్క పాయింట్ తెచ్చేవాళ్లు, తన వేగం తగ్గించుకుని పక్కవాడికి దారి కాసేవాళ్లు. హీట్‌లో మీవాడు ఫస్ట్ వచ్చి రెండోవాడు లాస్ట్ వస్తే స్కోరు 3-3, ఎవరికీ ఏం రాలేదు. ఆ రెండోవాడు ఒక్క మనిషిని దాటి మూడో స్థానంలోకొస్తే 4-2. మ్యాచ్ గెలిపించేది ఎక్కువసార్లు ఆ దాటడమే, కానీ పేపర్లో ఫోటో పడేది ఫస్ట్ వచ్చినవాడిది. నేను ఈ ఆటకి పడిపోయింది ఆ మూడో స్థానం కోసం జరిగే కొట్లాట వల్లే, చూస్తుంటే ముందున్నవాడు కంటికే ఆనడు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 1951లో వరల్డ్ చాంపియన్ ఉన్న టీమ్ కూడా ఇదే డివిజన్‌లో ఉంది, కానీ లీగ్ గెలవలేదు. ఎడిన్‌బరో. ఆ మనిషి జాక్ యంగ్.

జాక్ యంగ్ ఆస్ట్రేలియాలో అడిలైడ్ వాడు. 1949లో ఎడిన్‌బరో వచ్చి ఓల్డ్ మెడోబ్యాంక్ ట్రాక్ మీద దిగాడు. వరల్డ్ చాంపియన్‌షిప్ ఫైనల్ అప్పట్లో ఏడాదికి ఒక్క రాత్రి, వెంబ్లీలో, 16 మంది, ఒక్కొక్కరికి అయిదు రేసులు, మొత్తం 20 హీట్లు. అక్కడిదాకా రావాలంటే క్వాలిఫయింగ్ రౌండ్లు దాటుకుంటూ రావాలి, సెకండ్ డివిజన్ వాడైతే మెట్లు ఇంకాస్త కిందనుంచి ఎక్కాలి. 1951 సెప్టెంబర్ 20 రాత్రి, తొంభై వేల పైచిలుకు జనం ముందు జరిగింది చూడండి. జాక్ బిగ్స్ అని హారింగే రైడర్, ఇతనూ ఆస్ట్రేలియా వాడే, తన మొదటి నాలుగు రేసులూ గెలిచేశాడు, 12 పాయింట్లు. ఆఖరి రేసులో ఒకే ఒక్క పాయింట్ చాలు, మూడో స్థానంలో వచ్చినా టైటిల్ అతనిదే. ఆఖరివాడిగా వచ్చాడు. సున్నా. దాంతో బిగ్స్, హారింగే స్ప్లిట్ వాటర్‌మన్, ఎడిన్‌బరో జాక్ యంగ్ ముగ్గురూ 12 దగ్గర ఆగారు, ముగ్గురికీ కలిపి ఇంకో రేసు పెట్టారు. యంగ్ ఫస్ట్, వాటర్‌మన్ సెకండ్, బిగ్స్ థర్డ్.

బిగ్స్ గురించి చదివినప్పుడల్లా నాకు గుండె పిండేసినట్టుంటుంది. నాలుగు గెలుపులు, ఒక్క పాయింట్ దూరం. కానీ ఆ రాత్రి సంగతి ఆ ఒక్క పొరపాటుతో ముగించేసి, యంగ్‌కి అదృష్టం కలిసొచ్చింది అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. అయిదు రేసులు ఆడి 12 తెచ్చుకున్నవాడు, ఫస్ట్ డివిజన్‌లో ఒకే క్లబ్‌కి ఆడే ఇద్దరు పెద్ద రైడర్లని ఒకే రేసులో ఓడించినవాడు, దాన్ని అదృష్టం అంటారా? అనుమానం ఉన్నవాళ్ల కోసం మరుసటి ఏడు 1952లో మళ్లీ గెలిచాడు. అప్పటికి ఆ టైటిల్‌ని రెండుసార్లు గెలిచిన మనిషి ఇంకొకరు లేరు. అంతకుముందు ఏ సెకండ్ డివిజన్ రైడరూ వరల్డ్ చాంపియన్ కాలేదు కూడా.

కాకపోతే 1952లో గెలిచినప్పుడు అతని ఛాతీ మీద ఎడిన్‌బరో గుర్తు లేదు. వెస్ట్ హామ్ 3,750 పౌండ్లు ఇచ్చి కొనేసుకుంది, అప్పటికి అది రికార్డు రేటు.

యంగ్ వెళ్లడం తప్పని నేను అనట్లేదు. ప్రపంచంలో నంబర్ వన్ అయిన మనిషికి ప్రతి వారం పెద్దవాళ్ల మీద ఆడాలని ఉంటుంది, డబ్బూ కావాలి, ఎముకలు విరిగే ఆటలో ఎన్నేళ్లుంటాడో ఎవరికి తెలుసు. నా గొడవ ఆ ఏర్పాటుతో. కింది డివిజన్‌ని నర్సరీ అన్నారు, నారుమడి అన్నమాట. మన రైతు ఎవరైనా చెప్తాడు, నారు పీకి పొలంలో నాటాక మళ్లీ విత్తనం చల్లకపోతే ఆ మడిలో ఏం మిగలదని. ఎడిన్‌బరో జనానికి మూడేళ్లు ప్రతి శనివారం జాక్ యంగ్ ఉన్నాడు, నాలుగో ఏడు లేడు, బదులుగా వాళ్ల చేతికొచ్చింది ఒక చెక్కు. టికెట్ కొని లోపలికొచ్చేవాడికి చెక్కుతో ఏం పని? 1952లో నార్విచ్ కూడా పైకి వెళ్లిపోయింది. ఒకే చలికాలంలో డివిజన్ టూ నుంచి చాంపియన్ టీమూ పోయింది, చాంపియన్ రైడరూ పోయాడు.

ఆష్‌ఫీల్డ్‌కైతే అంతకంటే ముందే, ఆ సీజన్ మొదలవకుండానే పెద్ద దెబ్బ తగిలింది. కెన్ లె బ్రెటన్ అని ఉండేవాడు. న్యూకాసిల్ నుంచి 1949లో ఇక్కడికొచ్చాడు, కొత్తగా పెట్టిన జెయింట్స్‌కి. దాన్ని నడిపింది జానీ హాస్కిన్స్, 1923లో ఆస్ట్రేలియాలో వెస్ట్ మైట్లాండ్ దగ్గర ఈ ఆటకి ఊపు తెచ్చిన మనిషే ఆయన. అందరూ నల్ల తోలు బట్టలేసుకునే మట్టి ఆటలో లె బ్రెటన్ తెల్ల బట్టలేసుకుని దిగేవాడు. ఒక్కసారి ఊహించుకోండి, పొగా దుమ్మూ, పైన లైట్లు, నల్ల తోలు బట్టల్లో ముగ్గురు, మధ్యలోంచి తెల్ల బట్టల్లో ఒక మనిషి. వైట్ ఘోస్ట్ అన్నారు జనం. తెల్ల బట్టకి ఈ ట్రాక్ మీద ఒక చిత్రమైన గుణం ఉంది, ముందున్నవాడి వెనక చక్రం చిమ్మే మట్టి అంతా దాని మీద కనిపిస్తుంది, ఎవడి వెనక ఎంతసేపున్నాడో బట్టలే చెప్పేస్తాయి, తెల్లగా తిరిగొచ్చాడంటే మొదటినుంచీ ముందే ఉన్నాడని. 1951 జనవరిలో, ఇక్కడ చలికాలం, అక్కడ ఎండాకాలం సీజన్, సిడ్నీ స్పోర్ట్స్ గ్రౌండ్‌లో జరిగిన యాక్సిడెంట్‌లో చనిపోయాడు. ఆ వసంతంలో ఆష్‌ఫీల్డ్ గేట్లు మళ్లీ తెరిచినప్పుడు ఈ బెండ్ దగ్గరే, మేం టీ కప్పు పట్టుకుని నిలబడ్డచోటే, ఎంతమంది అలవాటుగా ఆ తెలుపు కోసం వెతికి ఉంటారో. అతను కూడా సెకండ్ డివిజన్ రైడరే. ప్రాణం పోయేటప్పుడు ఆ మట్టి డివిజన్ అడగలేదు.

ఇక నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లు ఏమంటారో తెలుసు. ఆ తర్వాతి ఏళ్లలో ట్రాకులు మూతపడింది ఒక్క రైడర్ వెళ్లిపోయినందుకు కాదు, వినోదపు పన్ను వల్ల, టీవీ వల్ల అని. నిజమే, చాలావరకు నిజం. మోటార్ రేసు కాబట్టి స్పీడ్‌వే టికెట్ మీద ఫుట్‌బాల్, క్రికెట్ కంటే బాగా ఎక్కువ పన్ను పిండారు, గేటు దగ్గర పోగైన డబ్బులో పెద్ద ముక్క సర్కారుకే పోయేది. 1953లో రాణి పట్టాభిషేకం చూడ్డానికి జనం టీవీలు కొన్నారు, కొన్నాక సాయంత్రాలు ఇంట్లోనే కూర్చున్నారు. లండన్‌లో న్యూ క్రాస్ అంతటిది కూడా ఆ ఏడు సీజన్ మధ్యలోనే మూసేసింది. కాబట్టి పైవాళ్లు బతికి కిందవాళ్లు చచ్చారు అనడానికి లేదు, ఒప్పుకుంటా.

కానీ చూడండి, పన్ను అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం అందరికీ ఒకేలా తగల్లేదు. ఆష్‌ఫీల్డ్ లీగ్ ఆట 1952తో ఆగింది. తర్వాత వైట్ సిటీ, ఎడిన్‌బరో, మదర్‌వెల్ వరసగా పడ్డాయి. 1951లో నాలుగు టీములున్న స్కాట్లాండ్‌లో 1955 వచ్చేసరికి ఒక్క లీగ్ టీమ్ లేదు. డబ్బు తగ్గినప్పుడు జనాన్ని గేటు దాకా రప్పించేది ఇష్టమైన మనిషి ఒక్కడే, ఆ మనిషిని తీసుకుపోయే దారి ముందే వేసి పెట్టుకున్నారు. 1957లో రెండు డివిజన్లనీ కలిపి ఒకటి చేసేశారు, ఎందుకంటే విడగొట్టడానికి సరిపడా టీములే లేవు. ఆటల మీద ఆ పన్ను ఎత్తేసింది కూడా ఆ 1957లోనే. ఈ రెండూ పక్కపక్కన చదివినప్పుడు నాకు ఎంత కోపం వస్తుందో చెప్పలేను.

ఫర్స్ స్టేడియం 1964 దాకా నిలబడింది, తర్వాత ఇళ్ల కోసం అమ్మేశారు. ఓల్డ్ మెడోబ్యాంక్‌ని 1970 కామన్‌వెల్త్ గేమ్స్ కోసం పడగొట్టారు. వైట్ సిటీ మీదుగా మోటార్‌వే వెళ్లింది, నేను పనికెళ్లేది ఆ రోడ్డు మీదే, రోజూ ఉదయం ఆ చోటు దాటతా. ఆష్‌ఫీల్డ్ మాత్రం మిగిలింది. 1999 నుంచి గ్లాస్గో టైగర్స్ ఇక్కడే ఆడుతోంది, పాత వైట్ సిటీ వాళ్ల పేరు, పాత జెయింట్స్ వాళ్ల గడ్డ.

ఆ రోజు మా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్భై దాటి ఉంటాయి, చేతిలో ప్రోగ్రాం, పెన్సిలు. ప్రతి హీట్‌కీ నాలుగు పేర్ల ఎదురుగా గళ్లుంటాయి, రేసు అవగానే పాయింట్లు రాసుకోవాలి. మావాడు ఆయన్ని చూసి తనూ ఒక ప్రోగ్రాం కొన్నాడు, నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. 3, 2, 1 రాసి నాలుగో గడి వదిలేశాడు. పెద్దాయన వంగి చూసి, వేలితో ఆ ఖాళీ గడి మీద తట్టి, అక్కడ సున్నా రాయాలి బాబూ, ఆ కుర్రాడు కూడా నాలుగు చుట్లూ తిరిగాడు కదా అన్నాడు. మావాడు సున్నా చుట్టాడు. ట్రాక్ స్టాఫ్ మట్టి సర్దడం అయిపోయింది, తర్వాతి హీట్ బైకులు లైన్ దగ్గరికొచ్చాయి.